అరసవల్లి దగ్గరి సత్రంలో రెండు రాత్రులు

డయాలసిస్ మొదలైన ఆరో నెలలో, మూత్రపిండాల జబ్బు ఎక్కువగా కనిపించే మా ఉద్దానం ఊళ్లలో అది ఎవరినీ అడిగి రాదని తెలిసి కూడా, నాకే ఎందుకు వచ్చిందన్న ప్రశ్నతో నలిగిపోతూ, శనివారం డయాలసిస్ ముగించుకొని శ్రీకాకుళంలోని అరసవల్లి సూర్యనారాయణస్వామి ఆలయానికి దగ్గరగా ఉన్న ఒక ప్రైవేటు సత్రంలో దిగాను.

గది శుభ్రంగానే ఉంది. లిఫ్టు లేని భవనంలో రెండో అంతస్తు గది ఇవ్వడం మాత్రం, మెట్టు మెట్టుకూ ఆయాసపడే నావంటి వానికి శిక్షే అయింది. అయితే ఉప్పు తగ్గించాలని, నీళ్లు కొలిచి తాగాలని చెప్పగానే వంటావిడ, "మా అన్నయ్యకూ ఇదే జబ్బు బాబూ" అంటూ రెండు పూటలా చప్పిడి కూర విడిగా వండి పెట్టింది. అందుకు అదనంగా పైసా తీసుకోలేదు.

ఆదివారపు రద్దీకి జంకి సోమవారం తెల్లవారుజామున దర్శనానికి వెళ్లాను. 7వ శతాబ్దంలో కళింగ రాజు దేవేంద్రవర్మ కట్టించాడని చెప్పే ఈ గుడిలో మార్చి, అక్టోబరు నెలల్లో కొన్ని ఉదయాలు సూర్యకిరణాలు మూలవిరాట్టు పాదాలను తాకుతాయి. నేను వెళ్లినది ఆ రోజుల్లో కాదు. అయినా ఇంద్రపుష్కరిణి గట్టున ఎండ ఒంటికి తగులుతూ ఉండగా, జబ్బు నయం చేయమని అడగాలని వచ్చినవాడిని, ఆ మాటే మరచి, వంటావిడ అన్నయ్య కోసం దండం పెట్టుకున్నాను. మూత్రపిండాల పనితీరును చూపే రక్తంలోని క్రియాటినిన్ తగ్గలేదు, ఆ రాత్రి మాత్రం చాలా నెలల తరువాత నిద్ర పట్టింది.

రోగులతో వెళ్లేవారు కింది అంతస్తు గదిని ముందే ఫోనులో అడిగి ఖాయం చేసుకోవాలి.