ఎఫ్-35 మోడల్‌కి ఏ గ్రే మేలు?

2025 జూన్ 14 రాత్రి బ్రిటన్‌కి చెందిన ఒక ఎఫ్-35బి స్టెల్త్ యుద్ధవిమానం (రాడార్‌కి సులువుగా చిక్కనిది) తిరువనంతపురం ఎయిర్‌పోర్టులో దిగి, జులై 22 దాకా అక్కడే ఉండిపోయింది. ఆ ఐదు వారాల్లో వచ్చిన ఫొటోలు నేను చాలానే దాచుకున్నాను. ప్లాస్టిక్ కిట్లతో చిన్న విమానాల మోడల్స్ కట్టి రంగులేసే మాలాంటివాళ్లకి అదొక వరం. ఒకే విమానం, వానలో తడుస్తూ, మబ్బు కింద, ఎండలో. ఒక ఫొటోలో దాదాపు నల్లగా ఉంది. ఇంకోదాంట్లో తడి సిమెంటు రంగు. మరోదాంట్లో కాస్త మట్టి ఛాయ. ఇందులో ఏది అసలు రంగు అంటే, అన్నీ అసలు రంగులే. స్టెల్త్ విమానానికి రంగు కలపడంలో కష్టమంతా అక్కడే ఉంది.

కాగితం మీద లెక్క తేలికే. ఎఫ్-35 గ్రేకి అమెరికా ప్రభుత్వ రంగుల పట్టిక ‘ఫెడరల్ స్టాండర్డ్’లో నంబర్ 36170 అని మోడలర్లందరూ చెప్పుకుంటారు. ఆ నంబర్‌లో మొదటి 3 అంటే మెరుపు లేని రంగు. తర్వాతి 6 అంటే గ్రే కుటుంబం. చివరి మూడు అంకెలు ఎంత చిన్నవైతే ఛాయ అంత ముదురు. కానీ ఈ విమానం పూతలో సన్నటి లోహపు రేణువులు ఉంటాయి. చూసే కోణం మారితే రంగు మారుతుంది. ఎఫ్-16 యుద్ధవిమానాలు రాడార్‌కి తక్కువగా కనిపించేలా వాటి మీద వేసే ‘హావ్ గ్లాస్ ఫైవ్’ పూత కూడా ఇలాంటిదే. నంబర్ రంగు చెబుతుంది గానీ, వెలుతురులో అది ఎలా మారుతుందో చెప్పదు. అందుకే నంబర్ కలిసిందని మోడల్ కలిసినట్టు కాదు.

మన ముందు మూడు దారులున్నాయి. మూడూ వేసి చూశాను, 1/72 సైజులో (అసలు విమానంలో 72వ వంతు).

మొదటిది, దగ్గరలో ఉన్న మామూలు గ్రే వేసేయడం. ఎక్కువమంది మిస్టర్ కలర్ బ్రాండులో 305 నంబర్ రంగు వాడతారు. అది 36118కి సరిపోయే సీసా, గన్‌షిప్ గ్రే అంటారు. కోటింగ్ చాలా నున్నగా వస్తుంది, పేచీ లేదు. అయితే అందులో నీలి ఛాయ ఉంది, ఎఫ్-35లో నాకు కనిపించే మట్టి ఛాయ లేదు. పైగా ఏ కోణంలో చూసినా ఒకేలా ఉంటుంది. షెల్ఫులో మిగతా ఫైటర్ల పక్కన పెడితే ఇది స్టెల్త్ విమానం అనిపించదు. కొత్తగా మొదలుపెట్టినవాళ్లకి, పిల్లలతో కలిసి కట్టేవాళ్లకి ఇది చాలు.

రెండోది, హావ్ గ్లాస్ పేరుతోనే దొరికే రెడీమేడ్ సీసాలు, లోహపు పొడి ముందే కలిపినవి. ఖర్చు ఎక్కువైనా నాకు వీటి మీద చాలా ఆశ ఉండేది. మొదటి స్పూన్ మీద వేసి (కొత్త రంగు ఏదైనా ముందు ప్లాస్టిక్ స్పూన్ల మీదే వేస్తాను, వంపు వల్ల రెక్క, పొట్ట రెండూ కనిపిస్తాయి) సాయంత్రం నాలుగింటికి డాబా మీదకి తీసుకెళ్లాను. అటూ ఇటూ తిప్పి చూస్తుంటే మా మేనల్లుడు వచ్చి, “మావయ్యా, ఇది మన స్కూటర్ రంగులా ఉందే” అన్నాడు. వాడన్నది నిజమే. సమస్య రేణువుల సైజు. ఒక రేణువు 20 మైక్రాన్లు ఉందనుకోండి. 1/72 మోడల్ మీద అది అసలు విమానం మీద ఒకటిన్నర మిల్లీమీటర్ల చెమ్కీ ఉన్నట్టు లెక్క. నిజం విమానం మీద మెరుపు ఉంటుంది గానీ, చెమ్కీ కనిపించదు. అన్ని సీసాలూ ఇలా ఉండవు, పొడి బాగా సన్నగా ఉన్నవీ వస్తున్నాయి. కానీ మూత తీసి, స్పూన్ మీద వేసి చూస్తే గానీ తెలియదు. 1/48 మీద ఈ లోపం కొంత తగ్గుతుంది, 1/32 మీద ఇంకా తగ్గుతుంది. పెద్ద మోడల్ కడుతుంటే, పొడి సన్నగా ఉన్న సీసా దొరికితే, రెడీమేడే మేలు.

మూడోది సొంతంగా కలుపుకోవడం. చివరికి నేను ఇక్కడే ఆగాను. టామియా బ్రాండు రంగుల్లో ఎక్స్‌ఎఫ్-24 డార్క్ గ్రే ఆరు పాళ్లు, ఎక్స్‌ఎఫ్-56 మెటాలిక్ గ్రే రెండు పాళ్లు, నీలి ఛాయ విరగడానికి ఎక్స్‌ఎఫ్-10 ఫ్లాట్ బ్రౌన్ కొన్ని చుక్కలు. ఇది నా కంటికి కుదిరిన కొలత. మీ స్పూన్ మీద సరిచూసుకోండి. నీడలో ఇది మామూలు గ్రే. ఎండకి ఏటవాలుగా పెడితే అంచు వెంట సన్నగా తెల్లబడుతుంది, తిప్పితే ఆ వెలుగు జారిపోయి మట్టి రంగు బయటికొస్తుంది. తిరువనంతపురం ఫొటోల్లో నేను వెతికింది ఇదే.

దీనికీ కష్టం ఉంది. మొదటిసారి తక్కువ కలిపి, కుడి తోక దగ్గర రంగు అయిపోయింది. మళ్లీ కలిపితే ఎంతకీ కలవలేదు, విమానమంతా తిరిగి వేయాల్సి వచ్చింది. అప్పటి నుంచి అవసరానికి రెట్టింపు కలిపి, కొలత మూత మీద రాసి, టచప్‌కి దాచుతున్నాను.

మోడల్ చిన్నదైతే రంగు లేతగా కనిపించాలని, 1/72కి 15 శాతం, 1/48కి 10 శాతం తెలుపు కలపమని కొందరు చెబుతారు. మామూలు గ్రేలకి అది మంచి సలహాయే. ఈ రంగులో మాత్రం తెలుపు కలపకండి. తెలుపు రేణువుల్ని కప్పేసి మెరుపంతా చంపేస్తుంది. లేత చేయాలంటే మెటాలిక్ గ్రేనే కొంచెం పెంచండి.

లాకరా (ఘాటైన థిన్నర్‌తో కలిపే రంగు), నీళ్ల రంగా (అక్రిలిక్) అన్న ప్రశ్నకి జవాబు మన వాతావరణంలో ఉంది. లాకర్ గట్టిగా పట్టుకుంటుంది, త్వరగా ఆరుతుంది. కానీ వానాకాలంలో గాలిలో తేమ ఎక్కువుంటే పైన తెల్లటి పొగలా పట్టేస్తుంది. వాసన ఘాటు, కార్ట్రిడ్జ్ ఉన్న మాస్క్ లేకుండా వేయకూడదు. అపార్ట్‌మెంటులో చిన్నపిల్లలుంటే అసలు వద్దు. నీళ్ల రంగుకి ఆ బాధ లేదు గానీ, మే నెల ఎండల్లో ఎయిర్‌బ్రష్ సూది మొన మీదే ఎండిపోతుంది, నిమిషానికోసారి తుడవాలి. టామియా అక్రిలిక్‌ని మిస్టర్ కలర్ లెవెలింగ్ థిన్నర్‌తో పలచన చేస్తే లాకర్‌కి దగ్గరగా నున్నగా పడుతుంది. నేను చేసేది అదే, అయితే అప్పుడు మాస్క్ తప్పదు.

తొలి బ్యాచ్‌ల ఎఫ్-35లు కడుతుంటే ప్యానెళ్ల అంచుల్లో లేత పట్టీలు కూడా వేయాలి. ఆ మాస్కింగ్‌కి రెండు మూడు సాయంత్రాలు పడుతుంది. తర్వాత వచ్చిన వాటిలో ఆ తేడా బాగా తగ్గింది, ఓపిక లేకపోతే అలాంటి విమానాన్నే ఎంచుకోండి.

ఇంత చేసి చివర్లో అలవాటుగా ఫ్లాట్ (మెరుపు లేని) వార్నిష్ కొట్టకండి. నా రెండో విమానం అలాగే పోయింది. పూర్తి ఫ్లాట్ పడగానే లోహపు మెరుపు మొత్తం మాయమై, అది ఒట్టి సిమెంటు రంగు బొమ్మ అయిపోయింది. డెకాల్స్ (గుర్తులు, నంబర్ల స్టిక్కర్లు) అంటించాక సెమీ గ్లాస్ (సగం మెరుపున్న) వార్నిష్, రెండు పలచటి కోట్లు. మధ్యలో అరగంట ఆరనివ్వండి. కిటికీ దగ్గర పెట్టి ఒకసారి తిప్పి చూడండి, వెలుగు రెక్క మీదుగా జారితే ఇంకో కోటు వేయకండి.