మూడు బోర్డులు మారిన కడప లాడ్జి: ఏళ్ల తరబడి దిగుతున్నవాడి సమీక్ష

నేను ఉండేది కర్నూల్లో. డ్రిప్ పరికరాలు అమ్మే కంపెనీలో ఫీల్డ్ ఉద్యోగం. పులివెందుల చుట్టుపక్కల అరటి, చీనీ తోటల రైతులతో పని కాబట్టి 2012 నుంచి ప్రతి నెలా కొన్ని రాత్రులు కడపలోనే గడుస్తాయి. ఆర్టీసీ బస్టాండు నుంచి బ్యాగు మోసుకుంటూ నడిచి వెళ్లగలిగేంత దూరంలో ఒక లాడ్జి ఉంది. మొదటి నుంచీ అందులోనే దిగుతున్నాను. పేరు మాత్రం రాయను. మంచితో పాటు చెడు కూడా చెప్పాల్సి ఉంది, ఆ చెడుకు బాధ్యులైనవాళ్లు చాలామంది ఇప్పుడు అక్కడ లేరు.

ఇన్నేళ్లలో ఆ లాడ్జికి మూడు బోర్డులు మారాయి. మొదట పాత యజమాని వాళ్ల నాన్న పేరు ఉండేది, తర్వాత ఒక యాప్ కంపెనీ పేరు వచ్చింది, ఇప్పుడు మళ్లీ సొంత పేరు. హోటళ్లు, ప్రయాణాల రంగంలో ఏం మారుతోందని అడిగితే అందరూ ఆన్‌లైన్ బుకింగ్, రేటింగులు, ఏఐ అంటారు. అవన్నీ ఈ ముప్పై చిల్లర గదుల్లోకి ఒక్కొక్కటిగా రావడం నేను చూశాను. నాకు అర్థమైంది ఒకటే. బస ఎలా ఉంటుందన్నది కౌంటర్లో కూర్చున్న మనిషికి యజమాని ఎంత అధికారం ఇచ్చాడన్నదాన్ని బట్టి ఉంటుంది. మిగతావన్నీ దాని తర్వాతే.

పాత యజమాని అయిన పెద్దాయన ఉన్న రోజుల్లో అంతా 24 గంటల పద్ధతి. మీరు తెల్లవారుజామున ఐదింటికి దిగితే మర్నాడు ఐదింటి వరకు గది మీదే. మన ఊళ్ల లాడ్జీల్లో ఈ పద్ధతి ఊరికే రాలేదు. రాత్రి బస్సులు, రైళ్లు దిగేవాళ్లు చీకటితోనే వస్తారు, స్నానం చేసి పనిమీద పోతారు, రాత్రికి మళ్లీ బస్సెక్కుతారు. వాళ్ల రోజు ఎక్కడ మొదలైతే గది లెక్క అక్కడే మొదలవ్వాలి. పెద్దాయన స్వయంగా కౌంటర్లో ఉండేవాడు. "రాప్పా, నీళ్లు కాగినాయి, ముందు స్నానం చెయ్. రిజిస్టరు తర్వాత రాద్దువులే" అనేవాడు. బాయిలర్ నుంచి బకెట్లో వేడినీళ్లు తెచ్చి తలుపు దగ్గర పెట్టేవాళ్లు. దుప్పట్లు మాత్రం బాగుండేవి కావు. నేను ఇంటి నుంచే ఒకటి తీసుకెళ్లేవాణ్ని. గోడల నిండా దోమలు.

అంతకన్నా పెద్ద తప్పు ఇంకొకటి ఉండేది. ఒంటరిగా వచ్చిన ఆడవాళ్లకు గది ఇచ్చేవాళ్లు కాదు. మా కంపెనీలో చేరిన అమ్మాయి, వ్యవసాయ డిగ్రీ చదివింది, ఒకసారి అనంతపురం నుంచి రాత్రి తొమ్మిదిన్నరకు కడపలో దిగింది. ఐడీ కార్డు చూపించింది, ఆఫీసుతో ఫోన్లో మాట్లాడించింది. అయినా కుదరదన్నారు. చివరికి మా డీలరు వాళ్లింట్లో పడుకుంది. నన్ను నోరారా పలకరించే పెద్దాయన ఆ పిల్లను గుమ్మంలోనే నిలబెట్టాడన్నది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. మనల్ని బాగా చూసుకుంటున్నారు కదా అని ఒక చోటికి పూర్తి మార్కులు వేసేయకూడదు.

2017 ఏప్రిల్ 27న, చిన్న ఊళ్లకు తక్కువ ధరకు విమానాలు నడిపే ఉడాన్ పథకం కింద కడప నుంచి హైదరాబాద్‌కు విమానం మొదలైంది. అప్పటికే యూపీఐ వచ్చి ఏడాది. ఊళ్లోకి కొత్త రకం ప్రయాణికులు వస్తారన్న ఆశ అందరిలోనూ ఉండేది. ఆ తర్వాతి సంవత్సరమే పెద్దాయన ఒక యాప్ కంపెనీతో ఒప్పందం చేసుకున్నాడు. బోర్డు మారింది, గోడలకు రంగులు పడ్డాయి, తెల్లటి దుప్పట్లు వచ్చాయి, ప్రతి గదికీ వైఫై. మంచం పక్కన ప్లగ్ పెట్టారు. ఫోన్ చార్జింగ్ కోసం బాత్రూం తలుపు పక్కన నిలబడే బాధ తప్పింది. రేటు ముందే కనిపించేది, బేరం లేదు. మా కంపెనీ అమ్మాయికి కూడా గది దొరికింది, ఎందుకంటే బుకింగ్ యాప్‌లో అయిపోయేది, కౌంటర్లో కాదనే వీలు ఉండేది కాదు. ఈ మేలు ఆ కాలానిదే, దాన్ని తక్కువ చేసి చెప్పను.

కానీ 24 గంటల పద్ధతి పోయింది. మధ్యాహ్నం పన్నెండుకు చెకిన్, మర్నాడు పదకొండుకు చెకౌట్. ఒక రోజు ఎప్పటిలాగే తెల్లవారక ముందే దిగాను. కౌంటర్లో కుర్రాడు, రాజంపేట వైపు వాడు, నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. వాడి వెనక చెక్క పలకకు తాళాలు వేలాడుతున్నాయి, సగానికి పైగా గదులు ఖాళీ అని నాకు కనిపిస్తూనే ఉంది. "మీరు నాకు తెలీదా సార్? కానీ పన్నెండుకు ముందు చెకిన్ కొడితే సిస్టమ్ తీసుకోదు. ఇప్పుడే కావాలంటే నిన్నటి రోజుది కూడా కట్టాల" అన్నాడు. పెద్దాయనకు ఫోన్ చెయ్యమన్నాను. ఆయన చేతుల్లో కూడా ఏమీ లేదట, గదులన్నీ కంపెనీ లెక్కలో ఉన్నాయట. కస్టమర్ కేర్‌కు చేస్తే అవతల ఎత్తినవాళ్లు బుకింగ్ నంబరు అడుగుతారు, నిబంధన చదివి వినిపిస్తారు, అంతే. కింద సోఫాలో కూర్చుని, కామన్ బాత్రూంలో ముఖం కడుక్కుని రైతు దగ్గరికి వెళ్లాను. నాకు కోపం వచ్చిన మాట నిజమే. కానీ ఆ కుర్రాడి ముఖం చూస్తే ఇంకా బాధేసింది. సాయం చేయాలని మనసులో ఉండి, తాళం చేతికందేంత దూరంలో ఉండి, తియ్యలేకపోవడం వాడికి ఎంత చిన్నతనంగా ఉండి ఉంటుందో! రెండు నెలల తర్వాత వెళ్తే వాడు లేడు, మానేశాడు. వాడి తర్వాత వచ్చినవాళ్లెవరూ నా పేరు గుర్తుపెట్టుకునేంత కాలం ఉండలేదు.

బుకింగ్ ఖాయమైందని మెసేజ్ వచ్చాక, రాత్రి పదింటికి దిగితే గది లేదన్న సందర్భాలూ ఉన్నాయి. యాప్‌లో చూపించిన రేటుకు ఇస్తే కమిషన్ పోగా ఏమీ మిగలదని లాడ్జివాళ్లు, ఒప్పందం ప్రకారం ఇవ్వాల్సిందేనని కంపెనీవాళ్లు. మధ్యలో బ్యాగు పట్టుకుని నిలబడేది మనం.

కరోనా వచ్చాక ఆ ఒప్పందం తెగిపోయింది, కొన్నాళ్లు లాడ్జి మూతపడింది. మళ్లీ తెరిచినప్పుడు పెద్దాయన కూతురు బాధ్యత తీసుకుంది. తిరుపతిలో హోటల్ మేనేజ్‌మెంట్ చదివి, హైదరాబాద్‌లో ఒక పెద్ద హోటల్లో కొన్నేళ్లు పనిచేసి వచ్చిన అమ్మాయి. నేను ఈ సమీక్ష రాయడానికి అసలు కారణం ఆమె పనితీరు.

ఆమె యాప్‌లను వదల్లేదు. వాటిలో గదులు ఇప్పటికీ ఉన్నాయి, వాటికి వాటి వేళలే. నేరుగా ఫోన్ చేసి వచ్చేవాళ్లకు మాత్రం 24 గంటల పద్ధతి తిరిగి తెచ్చింది. కమిషన్ మిగులుతుంది కాబట్టి ఆ మేరకు మనకు కాస్త తగ్గించి ఇస్తారు. ఇంతకన్నా పెద్ద మార్పు కౌంటర్లో జరిగింది. వెయ్యి రూపాయల లోపు తేలే సమస్య అయితే తనకు ఫోన్ చేయొద్దని, అప్పటికప్పుడు తీర్చి నోటుబుక్కులో రాసి పెట్టమని సిబ్బందికి చెప్పింది.

దాని ఫలితం ఒక మే నెలలో స్వయంగా చూశాను. కడపలో ఆ రోజుల్లో ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. రాత్రి పదకొండు దాటాక నా గదిలో ఏసీ ఆగిపోయింది. కిందికి దిగి చెప్పాను. కౌంటర్లో ఉన్న అక్క, చిన్నచౌకు ఆవిడ, ఎవరికీ ఫోన్ చేయలేదు, కంప్యూటర్ వైపు కూడా చూడలేదు. తాళం తీసి చేతిలో పెట్టింది. "పైన తూర్పు రూము ఖాళీగా ఉండాది అన్నా. పెద్దది, కానీ తేడా ఏమీ కట్టొద్దు. పోయి పడుకోండి." ఐదు నిమిషాల్లో బ్యాగు కూడా పైకి వచ్చింది. పొద్దున ఆ నోటుబుక్కు చూపించమని అడిగితే చూపించింది. తేదీ, గది నంబరు, సమస్య, ఏం చేశారు, ఎంత ఖర్చు. యజమానురాలు వారానికోసారి దాన్ని చదువుతుందట. ఎవరు ఎంత ఖర్చు పెట్టారని నిలదీయడానికి కాదు, ఏ సమస్య పదేపదే వస్తోందో పట్టుకోవడానికి. పడమటి వైపు గదుల ఏసీలు మళ్లీమళ్లీ ఆగుతున్నాయని ఆ పుస్తకంలోనే తేలింది. మరుసటి వేసవికి అవన్నీ మార్పించింది.

రిట్జ్ కార్ల్‌టన్ హోటళ్లను నిలబెట్టినవాళ్లలో ఒకడైన హోర్స్ట్ షుల్జ్ ఇలాంటి పద్ధతే పెట్టాడు. అతిథి ఇబ్బంది తీర్చడానికి ఏ ఉద్యోగైనా, గదులు శుభ్రం చేసేవాళ్లయినా సరే, పైవాళ్లను అడక్కుండా 2,000 డాలర్ల వరకు ఖర్చు పెట్టొచ్చు. ఆ డబ్బును నిజంగా వాడాల్సిన అవసరం రావడం అరుదు. నీ తెలివి మీద మాకు నమ్మకం ఉందని సిబ్బందికి తెలియడమే అసలు విషయం. కడప బస్టాండు పక్కన అది వెయ్యి రూపాయలతో నడుస్తోంది. నన్ను పేరుతో పిలిచే ఇద్దరు మనుషులు మూడేళ్లకు పైగా అక్కడే ఉన్నారంటే, జీతం ఒక్కటే కారణం కాదని నా నమ్మకం. జీతం కూడా కాస్త మెరుగ్గానే ఇస్తున్నారని ఆ అక్కే చెప్పింది.

ఆధార్ విషయం కూడా చెప్పాలి. పూర్వం జిరాక్సు తీసుకుని సొరుగులో పడేసేవాళ్లు. ఎన్ని వందల మంది ఆధార్ కాగితాలు అలా పడి ఉండేవో! ఇప్పుడు చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇస్తే తీసుకుంటున్నారు. విదేశీయులు వస్తే 24 గంటల లోపు వాళ్ల వివరాల ఫారం ప్రభుత్వానికి ఆన్‌లైన్లో పంపాలి. ఆ పని బరువనుకుని చాలా లాడ్జీలు వాళ్లకు గదే ఇవ్వవు. ఇక్కడ కౌంటర్లోవాళ్లకు అది నింపడం నేర్పించారు. గండికోట చూడ్డానికి వచ్చిన ఒక ఫ్రెంచి జంట కింద కూర్చుని కారం దోశ తింటుంటే చూశాను. ఎర్రకారం దట్టంగా పూసి, పైన పప్పుల పొడి చల్లిన అసలు సిసలు కడప దోశ, పక్క వీధి బండి నుంచి తెప్పించింది. లాడ్జీలో హోటల్ లేదు. పెట్టొద్దనే నా సలహా. చుట్టూ ఇంత మంచి తిండి ఉండగా బిల్లులో ఆమ్లెట్, బ్రెడ్ చేర్చాల్సిన అవసరం లేదు.

మా కంపెనీ అమ్మాయి ఇప్పుడు కడప వస్తే ఇక్కడే దిగుతుంది. మొదటి అంతస్తులో మెట్ల దగ్గరి గదులు ఆడవాళ్లకు ముందు ఇస్తారు, లోపలి గొళ్లేలు గట్టివి వేయించారు. రాత్రిపూట కౌంటర్లో ఒక ఆడమనిషి ఉంటుంది.

రేట్ల మాట. నేను తీసుకునే ఏసీ గది 1,400 రూపాయలు. 2025 సెప్టెంబరు 22 నుంచి 7,500 లోపు గదులకు జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది కాబట్టి పన్ను 168 నుంచి 70కి దిగింది. బిల్లులో ఆ తేడా వెంటనే కనిపించింది, అసలు రేటు పెంచి సర్దేయలేదు. కంపెనీ బిల్లు మీద తిరిగేవాళ్లకు ఇది పెద్ద ఊరట.

నచ్చనివీ ఉన్నాయి. లిఫ్టు లేదు. మూడో అంతస్తుకు ముసలివాళ్లను ఎక్కించడం కష్టం, మా అమ్మను తీసుకెళ్లినప్పుడు కింది గది కోసం ముందే చెప్పాల్సి వచ్చింది. బాత్రూం నేల వాలు సరిగా లేక నీళ్లు నిలుస్తాయి. ఈ సంగతే గూగుల్లో రాశాను. రెండు నిమిషాల్లో జవాబు వచ్చింది, మీ విలువైన అభిప్రాయానికి ధన్యవాదాలు, మా సౌకర్యాలు మీకు నచ్చినందుకు ఆనందం అని. ఏదో సాఫ్ట్‌వేర్ అలా రాస్తోందట. నోటుబుక్కు చదివి ఏసీలు మార్చిన మనిషి, కస్టమర్ మాటను యంత్రానికి అప్పగించడం నాకు నచ్చలేదు. ఆమెకు నేరుగానే చెప్పాను. బుకింగ్ గుర్తుచేయడానికి, లెక్కలకు ఏఐ వాడుకోండి, ఫిర్యాదుకు మాత్రం మీరే జవాబివ్వండి అన్నాను. ఆలోచిస్తానంది. నేల ఇంకా అలాగే ఉంది.

ఇదంతా ఇంత వివరంగా ఎందుకు రాస్తున్నానంటే, కడప జిల్లాకు ఇప్పుడు డబ్బు వస్తోంది. 2024 నవంబరులో కేంద్రం గండికోట అభివృద్ధికి 77.91 కోట్లు మంజూరు చేసింది, 50 ఏళ్ల గడువుతో వడ్డీ లేని అప్పుగా. ఆ మరుసటి నెలలోనే రాష్ట్రం కొత్త పర్యాటక విధానంలో ఈ రంగానికి పరిశ్రమ హోదా ఇచ్చింది. ఒబెరాయ్ రిసార్టు కూడా రాబోతోంది. నాకు చాలా సంతోషం. పెన్నా లోయ అంచున నిలబడి సూర్యోదయం చూసినవాళ్లెవరికైనా ఆ చోటు ఎంత గొప్పదో తెలుసు. శని, ఆదివారాల్లో బెంగళూరు బండ్లు వరసగా వస్తున్నాయి. అయితే జమ్మలమడుగు, ముద్దనూరు పిల్లలు అక్కడ బ్యాగులు మోసేవాళ్లుగా మిగలకూడదు, కౌంటర్లో కూర్చుని నిర్ణయాలు తీసుకోవాలి. వాళ్లకు శిక్షణ ఇప్పించే ఖర్చు ఆ కోట్లలో మొదటి పద్దు కావాలని నా కోరిక. మాధవరాయ ఆలయం గోపురం గురించి బయటి గైడు కంటే ఆ ఊరి పిల్లవాడు బాగా చెప్తాడు.

ఇక్కడ దిగాలనుకునేవాళ్లకు కొన్ని మాటలు. యాప్‌లో రేటు చూసుకోండి, కానీ నేరుగా ఫోన్ చేసి మాట్లాడండి. తెల్లవారుజామున దిగేవాళ్లయితే ఇది తప్పనిసరి. ఏసీలు మార్చినా వేసవిలో పడమటి గోడ రాత్రి దాకా కాగుతుంది, తూర్పు గది అడగండి. ఉగాదికి దేవుని కడప, చైత్ర పౌర్ణమికి ఒంటిమిట్ట కల్యాణం, పెద్ద దర్గా ఉరుసు, ఈ రోజుల్లో గదులు దొరకవు, పది రోజుల ముందే చెప్పి పెట్టుకోండి. వయసు పైబడినవాళ్లు వెంట ఉంటే కింది అంతస్తు ఖాయమైందని మెసేజ్ తీసుకున్నాకే బయల్దేరండి.