వోల్గా ఒడ్డున ప్ల్యోస్: ఒక్క పూటలో చూసి వచ్చే ఊరు కాదు

రష్యాలోని వోల్గా నదిలో తిరిగే పర్యాటక నౌకలు ప్ల్యోస్ రేవులో కొద్ది గంటలే ఆగుతాయి. దిగినవాళ్లు గట్టు వెంట నడిచి, ఒక మ్యూజియం చూసి, ఫోటోలు తీసుకుని మళ్లీ నౌక ఎక్కేస్తారు. నా ఉద్దేశంలో ఈ ఊరిని అలా చూడటం అన్యాయం. ఇక్కడ కనీసం రెండు రాత్రులైనా ఉండాలి. సాయంత్రం నౌకలు వెళ్లిపోయాక నదీ తీరం మళ్లీ ఊరివాళ్లదవుతుంది. చిత్రకారుడు లెవితాన్‌ను ఇక్కడ కట్టిపడేసిన వెలుగు కూడా ఆ వేళకే వస్తుంది.

ఐజాక్ లెవితాన్ రష్యా ప్రకృతి చిత్రకారుల్లో అగ్రగణ్యుడు. 1888 నుంచి 1890 వరకు వరుసగా మూడు వేసవులు ఆయన ఇక్కడికి వచ్చి బొమ్మలు వేశాడు. ఆయన బస చేసిన ఇల్లు తీరంలోనే ఉంది. 1972 నుంచి అది మ్యూజియం. ఇల్లు చిన్నది, గదులను ఆనాటి తీరులో అమర్చారు. అయితే ఇక్కడ వేసిన గొప్ప చిత్రాలు, ముఖ్యంగా 1889 నాటి ‘సాయంత్రం, బంగారు ప్ల్యోస్’, ‘వాన వెలిశాక, ప్ల్యోస్’ మాస్కోలోని త్రెత్యాకోవ్ గ్యాలరీలో ఉన్నాయి. అందుకే ముందు మాస్కోలో ఆ చిత్రాలను చూసి, తర్వాత ఈ ఊరికి రావాలని గట్టిగా చెబుతాను. మేము ఆ క్రమంలోనే వెళ్లాం. కొండ మీద నిలబడి కిందికి చూసినప్పుడు చిత్రంలోని తెల్లటి వర్వారా చర్చి, దాని వెనుక నది మలుపు కళ్లెదుటే ఉన్నాయి. నీటిమట్టం మాత్రం ఆనాటిది కాదు. 1950లలో దిగువన ఆనకట్ట కట్టాక ఇక్కడ వోల్గా జలాశయంలో భాగమైంది.

లెవితాన్ పేరుతోనే పిలిచే కొండ మీద చెక్క చర్చి ఒకటి ఉంది. ఆయన చిత్రించిన పాత చర్చి 1903లో కాలిపోయింది. ఇప్పుడున్నది 1699 నాటిది, దగ్గరి పల్లెలో ఉన్నదాన్ని 1982లో ఇక్కడికి తరలించారు. అసలు చర్చి ఇది కాదని తెలిసినా నాకు నిరాశ కలగలేదు. నల్లబడ్డ దుంగలు, చుట్టూ సమాధులు, భూర్జ చెట్లు, కింద నది, అన్నీ కలిసి మనిషిని కదలనివ్వవు. మెట్లు నిటారుగా ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వెంట ఉంటే తొందరపెట్టకుండా ఎక్కించాలి. మరో కొండ మీద మాస్కో పాలకుడు మొదటి వసీలీ 1410లో కోట కట్టించాడు. ఇప్పుడు అక్కడ మిగిలినవి మట్టి గట్లు, ఒక చర్చి, వసీలీ విగ్రహం.

మన దేశంతో ఈ రేవుకు ఉన్న సంబంధం కూడా చెప్పాలి. త్వేర్ నగర వ్యాపారి అఫనాసీ నికితిన్ 15వ శతాబ్దంలో వోల్గా మీదుగా బయలుదేరి, సముద్రాలు దాటి, బహమనీ రాజధాని బీదరు చేరాడు. ఆయన యాత్రా వివరాల్లో కొస్త్రోమా నగరం తర్వాత వచ్చే పేరు ప్ల్యోస్. హైదరాబాదు నుంచి కొన్ని గంటల్లో చేరుకునే బీదరుకు ఆయన ఈ నీటి దారిలో కదిలాడని తలచుకుంటుంటే నాకు ఒళ్లు జలదరించింది.

ఇక బస. నది ఒడ్డున ఉన్న చెక్క ఇళ్ల అతిథి గృహాలు అందంగా ఉంటాయి, అద్దెలూ దానికి తగ్గట్టే. శని, ఆదివారాల్లో మాస్కో జనం వస్తారు కాబట్టి ధరలు బాగా పెరుగుతాయి. మేము మొదట దిగిన ఒడ్డు గదిలో వేడినీళ్లు సరిగా రాలేదు, చెప్పినా పట్టించుకోలేదు. తర్వాత కొండ పైవైపున ఒక పెద్దావిడ నడిపే ఇంటికి మారాం. అద్దె తక్కువ, గది వెచ్చన, పొద్దున్నే ఆవిడ పెట్టే సిర్నికీలు అనే మెత్తటి పనీరు అట్లు వేడివేడిగా ఉండేవి. ఆవిడకు ఇంగ్లీషు రాదు, మాకు రష్యన్ రాదు. ఫోనులోని అనువాదంతో అన్ని మాటలూ నడిచాయి. ఎక్కడ దిగినా విదేశీయుల నమోదు, అంటే మీ బస వివరాలు అధికారులకు తెలిపే పని, చేయిస్తారో లేదో ముందే అడగండి. చిన్న ఇళ్లలో కొందరు ఆ పని చేయరు.

గట్టు మీద పొగబెట్టిన లేష్ చేప అమ్ముతారు. మన బొచ్చె, శీలావతి కుటుంబానిదే, ముళ్లు ఎక్కువ, రుచి అద్భుతం. అదే చేపతో చేసిన పిండివంటకం కూడా దొరుకుతుంది. శాకాహారులకు పిరాగులు అనే క్యాబేజీ కూరిన రొట్టెలు, గ్రేచ్కా అనే బక్‌వీట్ గింజల వంటకం, పుట్టగొడుగుల కూర ఉన్నాయి. సూపును మాంసం ఉడికించిన నీటితో చేశారా అని అడిగి మరీ తీసుకోవాలి.

డబ్బు విషయంలో జాగ్రత్త. మన బ్యాంకుల వీసా, మాస్టర్‌కార్డులు 2022 నుంచి అక్కడ పనిచేయవు. నగదు తీసుకెళ్లి మాస్కోలోనే రూబుళ్లు చేసుకోవడం మేలు. విదేశీయులకు సిమ్ కార్డు ఇచ్చే నిబంధనలు కఠినమయ్యాయి, కాబట్టి మ్యాపులు ముందే ఫోనులో దించుకోండి. భారతీయులకు 2023 నుంచి ఈ-వీసా ఉంది.

ప్ల్యోస్‌కు రైలు లేదు. మాస్కో నుంచి ఇవానోవో వరకు రైలులో, అక్కడి నుంచి బస్సులో రావాలి. ఇవానోవోను బస్సు మారే చోటుగా మాత్రమే చూడకండి. ఆ ఊరి చీటీ గుడ్డల మ్యూజియంలో చెక్కిన అచ్చు దిమ్మెలు చూస్తే పెడన కలంకారీ కార్ఖానాలు తెలిసినవాళ్లు అక్కడి నుంచి త్వరగా కదలలేరు. కోరమాండల్ తీరపు చీటీ గుడ్డలు యూరప్‌ను ఊపేశాకే అక్కడ అచ్చుగుడ్డల పరిశ్రమ పెరిగింది.

చరిత్ర కోసమే వెళ్లేవాళ్లకు మాత్రం ప్ల్యోస్ కంటే కొస్త్రోమాయే ఎక్కువ ఇస్తుంది. అక్కడి ఇపాత్యేవ్ మఠంలోనే 1613లో పదహారేళ్ల మిఖాయిల్ రొమానోవ్ జార్ పదవికి ఒప్పుకున్నాడు. మఠంలోని త్రిత్వ చర్చి గోడల నిండా 1685లో చిత్రకారుడు గూరీ నికితిన్ బృందం వేసిన చిత్రాలున్నాయి. వాటి ఎదుట కనీసం ఒక గంట ఉంచుకోండి. మేము ప్ల్యోస్ నుంచి కారు మాట్లాడుకుని వెళ్లాం. బస్సులు తక్కువ కాబట్టి నలుగురుంటే అదే నయం. కొస్త్రోమా నుంచి మాస్కోకు నేరుగా రైళ్లున్నాయి. వచ్చిన దారిన తిరిగి వెళ్లనక్కర్లేదు.