కుక్క రక్తానికి సరిపోయే మెషీన్ మేకకు సరిపోతుందా?

చెన్నైలో వీధి ల్యాబుల్లో ఉండే సెల్ కౌంటర్లు (రక్తకణాల్ని లెక్కపెట్టే మెషీన్లు) చాలావరకు మనుషుల రక్తానికి సెట్ చేసినవే. వేపేరిలోని వెటర్నరీ కాలేజీ దాకా వెళ్లే వీలు లేనప్పుడు జంతువుల శాంపిల్ కూడా అక్కడికే చేరుతుంది. కుక్క రిపోర్టు అయితే చాలావరకు సరిగ్గానే వస్తుంది. మేక రిపోర్టును మాత్రం నమ్మకూడదు. దీనికంతా మూలం ఎర్రకణం సైజు.

మనిషి ఎర్రకణం అడ్డంగా 7.5 మైక్రాన్లు ఉంటుంది. దాని సగటు ఘనపరిమాణం, అంటే రిపోర్టులో ఎంసీవీ అని ఉండేది, 80–100 ఫెమ్టోలీటర్లు. కుక్కది 7 మైక్రాన్లు, ఎంసీవీ 60–77. పిల్లిది 5.8, ఎంసీవీ 39–55. ఆవు, గుర్రం ఇంచుమించు పిల్లి వరసలోనే ఉంటాయి. గొర్రెది 4.5, ఎంసీవీ 28–40. మేకది 4 మైక్రాన్ల లోపే, ఎంసీవీ 16–25 మాత్రమే. కణం చిన్నదైనంత మాత్రాన మేకకు రక్తహీనత ఉన్నట్టు కాదు. కుక్కకు మైక్రోలీటరులో 55–85 లక్షల కణాలుంటే, మేకకు 80 లక్షల నుంచి 1.8 కోట్ల దాకా ఉంటాయి. చిన్నవి కాబట్టి ఎక్కువగా ఉంటాయి.

మెషీన్‌కు ఇదేమీ తెలియదు. ఒక హద్దు కంటే చిన్నగా ఉన్నదాన్నల్లా ప్లేట్‌లెట్ కింద లెక్కేస్తుంది. అందుకే మేక రిపోర్టులో ఎర్రకణాలు పడిపోయి, ప్లేట్‌లెట్లు ఎక్కడలేనన్ని కనిపిస్తాయి. హిమోగ్లోబిన్‌ను మాత్రం కణాల్ని పగలగొట్టి కొలుస్తారు కాబట్టి అది దాదాపు సరిగ్గానే ఉంటుంది. అక్కడే తప్పు పట్టుకోవచ్చు: ఎర్రకణాల లెక్క తగ్గి హిమోగ్లోబిన్ అలాగే ఉంటే ఎంసీహెచ్‌సీ (ఎర్రకణాల్లో హిమోగ్లోబిన్ ఎంత చిక్కగా ఉందో చెప్పే అంకె) పెరిగిపోతుంది. అది 40 దాటిందంటే నిజం కాదు. రక్తకణాలు చిట్లలేదు, ప్లాస్మా (కణాలు పోగా మిగిలే ద్రవం) పాలలా తెల్లగా లేదు అనుకుంటే తప్పు లెక్కలోనే ఉంది.

మేకకు మేలైన దారి పాతదే: పీసీవీ (రక్తంలో ఎర్రకణాలు ఎంత శాతమో చెప్పేది), మైక్రోస్కోప్‌లో చూసి చేసే చేతి లెక్క. క్యాపిలరీ ట్యూబును మూడొంతులు నింపి, ఒక చివర క్లేతో మూసి మైక్రోహిమాటోక్రిట్ సెంట్రిఫ్యూజ్‌లో తిప్పాలి. కుక్కకు 5 నిమిషాలు చాలు. మేకకు 10 నిమిషాలు తిప్పండి. చిన్న కణాలు గట్టిగా సర్దుకోకపోతే పీసీవీ ఎక్కువగా కనిపిస్తుంది. పీసీవీ 30, ఎర్రకణాలు 1.5 కోట్లు అనుకోండి. 30ని 10తో గుణించి, 15తో (10 లక్షల లెక్కన) భాగిస్తే ఎంసీవీ 20. మేకకు ఇది మామూలే. కుక్కకు ఇదే అంకె వస్తే శాంపిల్ తారుమారైందేమో ముందు చూసుకోవాలి.

పిల్లిలో చిక్కు తలకిందులు. దాని ప్లేట్‌లెట్లు పెద్దవి, గుంపులు కట్టే గుణం కూడా ఉంది, మెషీన్ వాటిని ఎర్రకణాల్లో కలిపేస్తుంది. ప్లేట్‌లెట్లు తక్కువని కంగారు పడే ముందు స్లైడ్‌పై పలచగా పరిచిన రక్తం చివరి అంచును మైక్రోస్కోప్‌లో చూడండి, గుంపులు అక్కడే పేరుకుంటాయి. కోడి రక్తాన్ని ఈ మెషీన్‌లో పెట్టనే వద్దు. దాని ఎర్రకణాలు కోలగా, 12 మైక్రాన్ల పొడవుతో, లోపల కేంద్రకంతో ఉంటాయి. మెషీన్ వాటిని తెల్లకణాలుగా లెక్కేస్తుంది.

స్లైడ్ చూడడం నేర్చుకోవడానికి మాత్రం కుక్క రక్తమే మేలు. కణం మధ్య తెలుపు స్పష్టంగా ఉంటుంది కాబట్టి, అది పోయి ముద్దగా, గుండ్రంగా కనిపించే స్ఫెరోసైట్‌ను గుర్తుపట్టవచ్చు. మిగతా జంతువుల్లో ఆ తెలుపు అంతగా కనిపించదు, స్ఫెరోసైట్ ఉందని చెప్పబోతే పొరపాటే జరుగుతుంది. కణాలు ఒక వరసలో పరుచుకున్న చోటే చూడండి: మందంగా ఉన్నచోట చిన్నవిగా, అంచున చదునై పెద్దవిగా కనిపిస్తాయి. అకిటా, షిబా జాతి కుక్కలకు చిన్న కణాలు పుట్టుకతోనే ఉంటాయి, ఐరన్ లోపమని మందులు మొదలుపెట్టకండి.

రక్తం తీసే ట్యూబును గీత దాకా నింపండి. రక్తం తక్కువైతే ఈడీటీఏ (గడ్డకట్టకుండా ట్యూబులో ఉండే మందు) ఎక్కువై కణాలు ముడుచుకుంటాయి. మర్నాటికి ఉంచితే ఉబ్బి, ఎంసీవీ పెరుగుతుంది. చెన్నై ఎండలో అది ఇంకా తొందరగా జరుగుతుంది కాబట్టి ఐస్ ప్యాక్ పెట్టండి, కానీ ట్యూబుకు నేరుగా తగలకుండా గుడ్డ చుట్టి. స్లైడ్ మాత్రం రక్తం తీసిన వెంటనే గీసుకోవాలి.