జర్మన్ బడి పిల్లలకి ఇంగ్లీష్ గ్రామర్: ఖాళీలు నింపించాలా, వాక్యం చెప్పించాలా? ఏది మేలు?

ఇంగ్లీష్ వర్క్‌షీట్‌లో సింపుల్ పాస్ట్ మీద 12 ఖాళీలు. మా అబ్బాయి పన్నెండూ సరిగ్గా నింపాడు. వెంట్, సా, బాట్, టుక్... ఒక్కదానికీ వంక పెట్టడానికి లేదు. ఆ సాయంత్రం లండన్ నుంచి వాళ్ళ మేనత్త వీడియో కాల్ చేసింది. అక్కడి పిల్లలకి తెలుగు అంతంతమాత్రం కాబట్టి వీడు వాళ్ళతో ఇంగ్లీష్‌లోనే మాట్లాడాలి. నిన్న ఏం చేశావని వాళ్ళు అడిగితే "ఐ హావ్ ఎస్టర్‌డే ఎ ఫిల్మ్ సీన్" అన్నాడు. మధ్యాహ్నం ఖాళీలో "సా" అని రాసింది కూడా వీడే.

మేం ఉండేది జర్మనీలో, ష్టుట్‌గార్ట్ దగ్గర. వాడు పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. గిమ్నాజియం అనే హైస్కూల్లో ఆరో తరగతి. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే జర్మన్. ఇంగ్లీష్ మాట్లాడాల్సి వచ్చినప్పుడు వాడి తలలో ముందు తయారయ్యేది జర్మన్ వాక్యమే. మా బిల్డింగ్‌లో ఉండే ఇద్దరు జర్మన్ పిల్లలు కూడా వాడితో పాటు సాయంత్రాలు మా వంటింటి బల్ల దగ్గర కూర్చుంటారు. రెండేళ్ళుగా ఈ ముగ్గురి చేతా గ్రామర్ ప్రాక్టీస్ చేయిస్తున్నాను. ఏ పద్ధతి ఎంతవరకు పనికొచ్చిందో ఇక్కడున్న తెలుగు తల్లిదండ్రులకి ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

ముందు ఖాళీల సంగతి. ఇక్కడి బడుల్లో టెక్స్ట్‌బుక్‌తో పాటు వర్క్‌బుక్ ఉంటుంది, దాన్నిండా ఇవే. క్లాసెన్‌ఆర్బైట్ అనే రాత పరీక్షలో కూడా గ్రామర్ భాగం చాలావరకు ఇలాగే వస్తుంది. దిద్దడం తేలిక, మార్కు వేయడం తేలిక. ఇక్కడ 1 అంటే అన్నిటికన్నా మంచి మార్కు, 6 అంటే అట్టడుగు. మూడు వచ్చిందంటే పిల్లవాడి కన్నా ముందు మనకే టెన్షన్ మొదలవుతుంది. అందుకే తల్లిదండ్రులం ఖాళీల పుస్తకాలే ఇంకో రెండు కొంటాం.

ఖాళీలో చిక్కేమిటో ఒకసారి పక్కన కూర్చుని చూస్తే తెలుస్తుంది. పిల్లవాడు వాక్యం చదవడు. కళ్ళు తిన్నగా ఎస్టర్‌డే, ఎగో, జస్ట్, ఆల్‌రెడీ లాంటి మాటల కోసం వెతుకుతాయి. వీటిని ఇక్కడ జిగ్నాల్‌వోర్టర్ అంటారు, గుర్తు మాటలన్నమాట. ఎస్టర్‌డే కనిపించిందా, బ్రాకెట్‌లో ఉన్న క్రియకి పాస్ట్ రూపం రాసేస్తాడు. క్రియ ఏదో వాళ్ళే ఇచ్చారు, దాని చోటు వాళ్ళే చూపించారు, ఏ కాలమో గుర్తు మాట చెప్పేసింది. ఇక పిల్లవాడు చేసింది ఆ రూపాన్ని గుర్తు తెచ్చుకోవడం ఒక్కటే.

జర్మన్ మాట్లాడే పిల్లలు తప్పు చేసేది ఆ రూపంలో కాదు. ఏ మాట ఎక్కడ పెట్టాలి, ఏ కాలం ఎంచుకోవాలి, డూ ఎప్పుడు తేవాలి అన్నచోట తప్పుతారు. మా వాడి వాక్యమే చూడండి. జర్మన్‌లో "ఇష్ హాబె గెస్టర్న్ ఐనెన్ ఫిల్మ్ గెజేన్" అంటారు. హాబె అంటే హావ్, గెజేన్ అంటే సీన్. పదానికి పదం పెడితే వాడు అన్న వాక్యమే వస్తుంది. జర్మన్‌లో, అందులోనూ మేమున్న దక్షిణాది మాటలో, జరిగిపోయిన పనిని ఎక్కువగా హాబెతోనే చెబుతారు. దాన్ని చూసి ఇంగ్లీష్‌లోనూ హావ్ వచ్చేస్తుంది. ఖాళీల షీట్ ఈ తప్పు చేసే అవకాశమే ఇవ్వలేదు, కాబట్టి దాన్ని సరిదిద్దే అవకాశమూ ఇవ్వలేదు.

డూ సంగతీ అంతే. "ష్పీల్‌స్ట్ డు ఫుస్‌బాల్?" అని జర్మన్‌లో క్రియని ముందుకి తెస్తే చాలు, ప్రశ్న అయిపోతుంది. పైఅంతస్తు అమ్మాయి చాలా రోజులు "ప్లే యు ఫుట్‌బాల్?" అనేది. "జీ ష్పీల్ట్ హోయ్టె నిష్ట్" అన్న వాక్యం ఆ పిల్ల నోట "షీ ప్లేస్ టుడే నాట్" అయ్యేది. అదే పిల్ల వర్క్‌బుక్‌లో డూ, డస్ ఖాళీలన్నీ తప్పు లేకుండా నింపింది.

అందుకని మేం పద్ధతి మార్చాం. రోజుకి ఐదు వాక్యాలు. నేను జర్మన్‌లో చెబుతాను, పిల్లలు ఇంగ్లీష్‌లో పూర్తి వాక్యం చెప్పాలి. ముందు నోటితో, తర్వాత కాగితం మీద. జర్మన్ నుంచి అనువాదం చేయించకూడదు, నేరుగా ఇంగ్లీష్‌లోనే ఆలోచించాలి అనే టీచర్లు ఉన్నారు. ఆ మాటలో న్యాయం ఉంది, చివరికి చేరాల్సింది అక్కడికే. కానీ ఐదు, ఆరు తరగతుల పిల్లల తలలో మనం రమ్మన్నా వద్దన్నా జర్మన్ ముందే వచ్చి కూర్చుంటుంది. దాన్ని బల్ల మీదికి తెచ్చి, ఇంగ్లీష్ పక్కన పెట్టి, తేడా ఎక్కడుందో వేలితో చూపిస్తేనే వాళ్ళకి పట్టు దొరుకుతుందని నా నమ్మకం.

ఒక రోజు "వీయర్ ఫారెన్ మోర్గెన్ నాఖ్ బెర్లిన్" అని ఇచ్చాను. రేపు బెర్లిన్ వెళుతున్నాం అని. ముగ్గురూ "వీ గో టుమారో టు బెర్లిన్" అన్నారు. జర్మన్‌లో ఎప్పుడు అన్నది ముందు, ఎక్కడికి అన్నది తర్వాత. ఇంగ్లీష్‌లో మామూలుగా తిరగేసి ఉంటుంది. దీనికి ఇక్కడి పిల్లలకి ఒక గుర్తు నేర్పుతారు. "ఓర్ట్ ఫోర్ త్సైట్", అంటే కాలం కన్నా చోటు ముందు. అక్షరమాలలో ఓ ముందు వస్తుంది, జెడ్ చివర వస్తుంది, ఈ రెండు మాటలూ ఆ అక్షరాలతోనే మొదలవుతాయి. ఇలాంటిదే ఇంకొకటి, "హీ, షీ, ఇట్, దాస్ ఎస్ ముస్ మిట్". వీటి వెంట వచ్చే క్రియకి ఎస్ తోడు రావాల్సిందే అని అర్థం. ఇవి పిల్లలకి ఎప్పుడో కంఠతా వచ్చు. వాక్యం తప్పిన క్షణంలోనే గుర్తు చేస్తే ఆ పాట పనికొస్తుంది. ఉత్తప్పుడు వల్లిస్తే పాటగానే మిగిలిపోతుంది.

ఒకేలా వినిపించే మాటల మోసం కూడా పూర్తి వాక్యంలోనే బయటపడుతుంది. జర్మన్‌లో వేర్ అంటే ఎవరు, వో అంటే ఎక్కడ. ఇంగ్లీష్ వేర్‌కి, హూకి సరిగ్గా ఎదురు. బెకొమ్మెన్ అంటే దొరకడం, అందుకోవడం. కింది అంతస్తు బాబుకి కుక్కపిల్లని తెస్తామన్నారు వాళ్ళింట్లో. వాడు సంబరంగా వచ్చి "ఐ బికమ్ ఎ డాగ్" అన్నాడు. వాడికి అప్పటికప్పుడు "ఐ యామ్ గెటింగ్ ఎ డాగ్" అని చెబితే మళ్ళీ ఎప్పుడూ తప్పలేదు, ఎందుకంటే ఆ వాక్యం వాడి సొంతం.

తెలుగు ఇళ్ళవాళ్ళకి ఇక్కడ ఒక పెద్ద వెసులుబాటు ఉంది, దాన్ని వాడుకోవాలి. జర్మన్‌లో "ఇష్ లేజె" అంటే ఐ రీడ్ అన్నా అదే, ఐ యామ్ రీడింగ్ అన్నా అదే. తేడా చెప్పాలంటే పక్కన గెరాడె (ఇప్పుడే) లాంటి మాట చేర్చాలి. అందుకే జర్మన్ పిల్లలకి ఐఎన్‌జీ రూపం ఎప్పుడు వాడాలో తేల్చుకోవడం కష్టం. మనకి ఆ తేడా క్రియలోనే ఉంది. రోజూ చదువుతాను, ఇప్పుడు చదువుతున్నాను. మా వాడికి గంటసేపు రూల్స్ చెప్పాక కూడా ఎక్కనిది, "తెలుగులో తున్నా వస్తుందా రాదా చూసుకో" అనగానే ఎక్కింది. అయితే ఇది అన్నిచోట్లా పనిచేయదు. మనం నమ్ముతున్నాను, అనుకుంటున్నాను అంటాం. ఆ లెక్కన "ఐ యామ్ బిలీవింగ్" అంటే ఇక్కడి టీచర్ ఎర్ర గీత పెడతారు. "ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్" అని మన వాళ్ళు చాలామంది అలవాటుగా అంటారు, అదీ ఇక్కడ తప్పే. బిలీవ్, నో, వాంట్, ఇలాంటి వాటిని విడిగా రాసి పెట్టుకోవాలి.

పూర్తి వాక్యాల పద్ధతికి లోటు లేదని కాదు. పక్కన మనిషి ఉండాలి. ఆ మనిషికి జర్మన్ కొంతైనా రావాలి, ఓపిక ఉండాలి. ఉద్యోగం నుంచి ఏడింటికి ఇంటికొచ్చే అమ్మానాన్నలకి ఇది చిన్న విషయం కాదు. కానీ ఐదు వాక్యాలకి పది నిమిషాలు చాలు, అన్నం వడ్డిస్తూ కూడా చేయించవచ్చు.

ఫోన్‌లో చేసే ఎక్సర్‌సైజుల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. తప్పో ఒప్పో వెంటనే చూపిస్తాయి, అది మంచిదే. కానీ నాలుగు జవాబుల్లో ఒకటి నొక్కడం ఖాళీ నింపడం కన్నా ఇంకా తేలిక పని. ఎందుకు తప్పో పిల్లవాడు ఆగి చూడడు, ఇంకోటి నొక్కుతాడు.

ట్యూషన్, ఇక్కడి మాటలో నాఖ్‌హిల్ఫె, మేమూ కొన్నాళ్ళు పంపాం. నలుగురు పిల్లల్ని ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టి మళ్ళీ అవే ఖాళీల షీట్లు ఇచ్చారు. నాకు చాలా బాధేసింది. డబ్బు కన్నా పిల్లవాడి రెండు సాయంత్రాలు పోయినందుకు. పిల్లలచేత నోరు విప్పించే టీచర్ దొరికితే మాత్రం పంపడం మేలే. చేర్చే ముందు ఒక క్లాసులో కూర్చుని, గంటలో మన పిల్లవాడు ఎన్ని వాక్యాలు మాట్లాడాడో లెక్కపెట్టండి.

ఇర్రెగ్యులర్ వెర్బ్స్‌కి మాత్రం వాక్యాల కన్నా అట్టముక్కల పెట్టె మేలు. సెబాస్టియన్ లైట్నర్ అనే జర్నలిస్టు 1970లలో ప్రచారంలోకి తెచ్చిన ఈ 5 అరల పెట్టె ఇక్కడ స్టేషనరీ షాపుల్లో దొరుకుతుంది. సరిగ్గా చెప్పిన ముక్క తర్వాతి అరలోకి వెళుతుంది, తప్పు చెప్పింది మళ్ళీ మొదటి అరకి వస్తుంది. మొదటి అర రోజూ చూడాలి, వెనకవి అప్పుడప్పుడు. ముక్కలు రాసేటప్పుడు జర్మన్ పిల్లలకున్న పుట్టుక బలాన్ని వదులుకోకండి. ట్రింకెన్, ట్రాంక్, గెట్రుంకెన్ పక్కన డ్రింక్, డ్రాంక్, డ్రంక్. జింగెన్, జాంగ్, గెజుంగెన్ పక్కన సింగ్, సాంగ్, సంగ్. ష్విమ్మెన్, బెగిన్నెన్ కూడా ఇదే వరస. బ్రింగెన్, బ్రాఖ్టె పక్కన బ్రింగ్, బ్రాట్. టెక్స్ట్‌బుక్ వెనక ఉన్న జాబితాని అక్షర క్రమంలో బట్టీ పట్టించే బదులు ఇలా చుట్టరికం చూసి జత చేయించాను. వారంలో 20 క్రియలు వచ్చేశాయి.

మరి ఖాళీల పుస్తకాలు పారేయాలా? అక్కర్లేదు. క్లాసెన్‌ఆర్బైట్ వారంలో ఉందంటే నేనూ అవే తీస్తాను, పరీక్ష ఆ రూపంలో వస్తుంది కాబట్టి చేతికి అలవాటు కావాలి. మిగతా రోజుల్లో వాక్యాలే. ఎప్పుడూ తప్పే వాక్యం ఉంటే దాన్నీ అట్టముక్క మీద రాసి పెట్టెలో వేస్తాం, ఒకవైపు జర్మన్, రెండోవైపు ఇంగ్లీష్.

ఈ వారం మా పెట్టెలో "వో వోంట్ డైనె టాంటె?" ఉంది. ముగ్గురూ డస్ మర్చిపోకుండా "వేర్ డస్ యువర్ ఆంట్ లివ్?" అన్నారు. "గెస్టర్న్ హాబె ఇష్ మైనె ఓమా బెజూఖ్ట్" అంటే హావ్ లేకుండా "ఎస్టర్‌డే ఐ విజిటెడ్ మై గ్రాండ్‌మా" అన్నాడు మా వాడు, నా మొహం వైపు కూడా చూడకుండా. "ఎర్ లీస్ట్ గెరాడె", అంటే "హీ ఈజ్ రీడింగ్", అదీ దాటింది. మిగిలింది ఒకటే, "ఇష్ కెనె ఈన్ జైట్ త్స్వై యారెన్", వాడు నాకు రెండేళ్ళుగా తెలుసు అని. జర్మన్‌లోనూ తెలుగులోనూ ఇక్కడ మామూలు వర్తమానమే సరిపోతుంది కాబట్టి మా వాడికి ఏ వైపు నుంచీ సాయం లేదు. "ఐ నో హిమ్ సిన్స్ టూ ఇయర్స్" అనే అంటున్నాడు. "ఐ హావ్ నోన్ హిమ్ ఫర్ టూ ఇయర్స్" అని రాసిన ఆ ముక్క నాలుగు రోజులుగా మొదటి అరలోనే ఉంది. ఈ రాత్రి మళ్ళీ తీస్తాం.