నోట్స్ యాప్‌కు ఏటా కట్టాలా, ఒకేసారి కొనాలా: అనంతపురంలో అయిదేళ్ల వాడకం తర్వాత

చీనీ తోట లెక్కలకు, గ్రూప్-2 చదువుకు, అంగడి అప్పుల పద్దుకు నోట్స్ యాప్ వాడేవాళ్లు అనంతపురంలో ఇప్పుడు తక్కువేం కాదు. చందా కట్టేది మేలా, ఒకేసారి డబ్బిచ్చి కొనేసేది మేలా అన్నది అందరూ అడిగే మాట. రెండు రకాలనూ అయిదేళ్లకు పైగా ఆండ్రాయిడ్ ఫోన్‌లో, ఐప్యాడ్‌లో, విండోస్ ల్యాప్‌టాప్‌లో వాడాక నేను చెప్పేదొకటే. డబ్బు కట్టడం ఆపేసిన మర్నాడు మీ రాతలు మీ చేతిలో ఏ రూపంలో మిగులుతాయో ముందు చూసుకోండి, ధర సంగతి ఆ తర్వాత.

ధర లెక్క నిజానికి చాలా సులువు. ట్యాబ్ మీద పెన్నుతో రాసుకునే యాప్ గుడ్‌నోట్స్‌నే తీసుకోండి, దాని ఆరో వెర్షన్ (గుడ్‌నోట్స్ 6) వచ్చింది 2023 ఆగస్టులో. అప్పుడు ఏడాది చందా దాదాపు 10 డాలర్లు, ఒకేసారి కొంటే దాదాపు 30 డాలర్లు. అంటే మూడేళ్లకు రెండూ సమానం, నాలుగో ఏడు నుంచి కొన్నవాడికే లాభం. మరి కొన్న వెర్షన్ ఎన్నాళ్లు నిలుస్తుంది? గుడ్‌నోట్స్ 5 వచ్చింది 2019 జనవరిలో. 6 వచ్చేదాకా నాలుగున్నరేళ్లు అదే కొత్త వెర్షన్. కాబట్టి వెర్షన్ విడుదలైనప్పుడే కొంటే గిట్టుబాటవుతుంది, దాని చివరి ఏడాదిలో కొంటే కష్టం. ఒకేసారి కొనేటప్పుడు ఆ వెర్షన్ బయటికొచ్చి ఎన్నేళ్లయిందో చూడకుండా డబ్బు పెట్టొద్దు. మూడేళ్లు దాటిందంటే కొన్నాళ్లు ఆగడం మంచిది.

ఒకేసారి కొన్నంత మాత్రాన ఎప్పటికీ మనదే అనుకోవడానికీ లేదు. అలాంటిదే ఇంకో యాప్ నోటబిలిటీ 2021 నవంబరులో చందా పద్ధతికి మారినప్పుడు, పాత కొనుగోలుదారులకు ఒక ఏడాది మాత్రమే పూర్తి సౌకర్యాలు అంది. జనం గట్టిగా అడిగాకే ఆ మాట వెనక్కి తీసుకుంది. అటువైపు, చందా మీద నడిచే నోట్స్ యాప్ ఎవర్‌నోట్ 2023 డిసెంబరులో ఉచిత ఖాతాను 50 నోట్లకు, ఒక్క నోట్‌బుక్‌కు కుదించింది. అప్పటికే వందల నోట్లు ఉన్నవాళ్లు పాతవి చదువుకోవచ్చు, దిద్దుకోవచ్చు, బయటికి తీసుకోవచ్చు, కొత్తది మాత్రం రాయలేరు. తీసుకోవడానికి దారి వదిలారు కాబట్టి నష్టం అక్కడితో ఆగింది. ఆ దారి లేని యాప్‌లో ఇదే జరిగితే ఒక్కో నోటూ చేత్తో కాపీ చేసుకోవాల్సిందే.

అసలు చందా దేనికి? చాలామంది జాగా కోసం అనుకుంటారు. యూనికోడ్ ఫైల్‌లో (యూటీఎఫ్-8 పద్ధతిలో) ఒక్కో తెలుగు అక్షరానికి, గుణింతపు గుర్తుకు 3 బైట్లు పడతాయి. పేజీకి 1,500 గుర్తులనుకున్నా 4.5 కిలోబైట్లే. ఫోన్‌లో తీసిన ఒక ఆకుతెగులు ఫోటో 3 మెగాబైట్లు, అంటే ఆరు వందల పేజీలకు పైగా రాతతో సమానం. జాగా తినేది ఫోటోలు, పీడీఎఫ్‌లు, ఆడియో. ఫోటోలు కెమెరా సెట్టింగ్‌లో సైజు తగ్గించి తీసుకుంటే ఉచిత ప్లాను ఏళ్ల తరబడి సరిపోతుంది. చందాకు నిజంగా విలువ వచ్చేది సింక్‌లో. ఫోన్‌లో రాసింది ల్యాప్‌టాప్‌లో కనపడాలంటే ఎవరో ఒకరు సర్వర్ నడపాలి, దానికి నెలనెలా ఖర్చవుతుంది, ఆ ఖర్చు అడగడంలో అన్యాయం లేదు. ఒకే ఫోన్‌లో వాడేవాళ్లు మాత్రం అవసరం లేని దానికి కడుతున్నట్టే.

సిగ్నల్ సంగతి ఇక్కడ ముఖ్యం. నార్పల, పుట్లూరు వైపు తోటల్లో మోటారు దగ్గర రెండు గీతలుంటే చెట్ల మధ్య ఒక్కటీ ఉండదు. పోయిన తడి ఎప్పుడు పెట్టారో, బోరు రెండించుల నుంచి ఒకటిన్నరకు ఎప్పుడు పడిపోయిందో చూసుకోవాల్సింది అక్కడే. నోషన్ అనే నోట్స్ యాప్‌కు 2025 ఆగస్టు దాకా ఆఫ్‌లైన్ మోడ్ (నెట్ లేకుండా పనిచేసే వీలు) లేదు. కొనే ముందు ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, యాప్‌ను పూర్తిగా మూసి మళ్లీ తెరవండి. వారం కిందటి నోటు, అందులోని ఫోటో రెండూ తెరుచుకోవాలి. పేరు కనపడి లోపల ఖాళీగా ఉంటే ఆ యాప్ తోటకు పనికిరాదు.

తెలుగు పరీక్ష వేరే చేయాలి. ఉచిత ట్రయల్ వారంలో ఒక నోటులో శ్రీ, స్త్రీ, లక్ష్మి, గార్లదిన్నె అని రాసి, ఒక ఫోటో, ఒక చెక్‌లిస్టు చేర్చండి. "గార్లది" అని వెతకండి, దొరకాలి. తర్వాత ఎక్స్‌పోర్ట్ చేయండి, అంటే నోటును ఫైల్‌గా యాప్ బయటికి తీయండి. పీడీఎఫ్ చూడ్డానికి బాగుంటుంది గాని, దాంట్లోంచి తెలుగు కాపీ చేసి వేరేచోట పేస్ట్ చేస్తే చాలాసార్లు ఒత్తులు ఊడిపోయి, గుణింతాలు తారుమారై వస్తాయి. పీడీఎఫ్ ఒక్కటే ఇచ్చే యాప్‌ను ఎక్స్‌పోర్ట్ ఉన్న యాప్‌గా లెక్కించొద్దు. మార్క్‌డౌన్ (#, * లాంటి గుర్తులతో రాసే టెక్స్ట్), హెచ్‌టీఎంఎల్ (వెబ్ పేజీ రూపం), మామూలు టెక్స్ట్, ఈ మూడింట్లో ఒకటైనా ఉండాలి.

వెతుకులాటలో ఇంకో చిక్కుంది, దీన్ని యాప్ తప్పనుకుని మారిపోయేవాళ్లున్నారు. "బోర్" అని పొల్లుతో రాసినప్పుడు కొన్ని కీబోర్డులు చివర కంటికి కనపడని గుర్తు ఒకటి చేరుస్తాయి, కొన్ని చేర్చవు. చూడ్డానికి రెండూ ఒకటే, వెతికే యాప్‌కు వేరు. ఫోన్‌లో రాసింది ల్యాప్‌టాప్‌లో దొరకదు. మందు చాలా చిన్నది: పొల్లుతో ఆపకుండా "బోరు", "పైపు", "ఫిల్టరు" అని అచ్చంగా మనం పలికినట్టే రాయండి. చేతిరాతలో వెతకడం కోసమే ఎక్కువ ధర పెట్టేవాళ్లు, ఆ యాప్ గుర్తుపట్టే భాషల పట్టికలో తెలుగు ఉందో లేదో చూసి కట్టండి.

డబ్బు లేకుండా నడిచే దారి అబ్సిడియన్, జాప్లిన్ అనే రెండు నోట్స్ యాప్‌లు. అబ్సిడియన్ యాప్ ఉచితం, సింక్ కావాలంటేనే చందా. నోట్లన్నీ మీ ఫోన్‌లో మామూలు మార్క్‌డౌన్ ఫైళ్లుగా ఉంటాయి. ఫోల్డరును ఫోన్ స్టోరేజ్‌లో కనపడేచోట పెట్టండి. ఆండ్రాయిడ్‌లో యాప్ సొంత స్టోరేజ్‌లో ఉన్నదంతా యాప్ తీసేయగానే దాంతోపాటే పోతుంది. జాప్లిన్ ఓపెన్ సోర్స్, అంటే దాని కోడ్ ఎవరైనా చూడొచ్చు. సెట్టింగ్స్‌లో సింక్రనైజేషన్‌కు వెళ్లి వన్‌డ్రైవ్‌ను (మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ స్టోరేజ్) ఎంచుకుంటే, ఉచితంగా వచ్చే 5 జీబీలోనే సింక్ నడుస్తుంది. ఎన్‌క్రిప్షన్ (నోట్లను ఇతరులు చదవకుండా తాళం వేయడం) పెట్టేటట్టయితే మొదట ఒక్క పరికరంలో పెట్టి, సింక్ పూర్తిగా ముగిశాకే రెండోదాంట్లో పాస్‌వర్డ్ ఇవ్వండి. రెండింట్లో ఒకేసారి ఆన్ చేస్తే రెండు తాళంచెవులు తయారై గజిబిజి అవుతుంది. ఇంకొకటి, వన్‌డ్రైవ్‌లో జాప్లిన్ ఫోల్డరు తెరిస్తే నోట్ల పేర్లు ఉండవు, పొడవాటి అంకెలూ అక్షరాలే. దాన్ని బ్యాకప్ అనుకోకుండా, నెలకోసారి కంప్యూటర్‌లో ఫైల్ మెనూలోంచి మార్క్‌డౌన్‌గా అన్నీ ఎక్స్‌పోర్ట్ చేసి పెన్‌డ్రైవ్‌లో వేసుకోవాలి.

ఒకేసారి కొన్న ఆండ్రాయిడ్ యాప్ పాడయ్యే తీరు వేరు. తయారుచేసినవాళ్లు అప్‌డేట్ ఇవ్వడం మానేస్తే, పాత ఫోన్‌లో బాగానే నడుస్తుంది. కానీ కొత్త ఆండ్రాయిడ్‌కు తగ్గట్టు మార్చని యాప్‌లను ప్లే స్టోర్ కొత్త ఫోన్లలో కొత్తవాళ్లకు చూపించడం ఆపేస్తుంది. యాప్ పేజీలో చివరి అప్‌డేట్ తేదీ ఏడాదిన్నర దాటి ఉంటే ఎంత చౌకైనా వదిలేయండి. ఐప్యాడ్‌లో కొన్నది ఆండ్రాయిడ్ ట్యాబ్‌కు రాదు, ఒక గూగుల్ ఖాతాలో కొన్నది ఇంకో ఖాతాకు మారదు. ట్యాబ్ మార్చే ఆలోచన ఉన్న విద్యార్థులు దీన్ని గట్టిగా గుర్తుపెట్టుకోవాలి.

నా తీర్పు: తోట, అంగడి పద్దులకు ఉచితం చాలు. పీడీఎఫ్‌ల మీద పెన్నుతో గీస్తూ రెండేళ్లలో పరీక్ష ముగించేవాళ్లకు ఏడాది చందా మేలు. అయిదారేళ్లు అదే ట్యాబ్‌లో రాసేవాళ్లు ఒకేసారి కొనుక్కోవాలి. నెలవారీ చందా మాత్రం ఎవరికీ చెప్పను, ట్రయల్ తర్వాత ఒక్క నెల చూసుకోవడానికి తప్ప.

ఆపేటప్పుడు యాప్ తీసేస్తే చందా ఆగదు. ప్లే స్టోర్‌లో పైన మీ బొమ్మ నొక్కి, పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్‌లో సబ్‌స్క్రిప్షన్స్ తెరిచి రద్దు చేయాలి. తర్వాత యూపీఐ యాప్‌లో ఆటోపే తెరిచి ఆ అనుమతి కూడా పోయిందో లేదో చూడాలి. రిజర్వ్ బ్యాంకు నియమం ప్రకారం డబ్బు కోతకు 24 గంటల ముందే మెసేజ్ వస్తుంది. మెసేజ్ వచ్చాక పరుగెత్తడం కంటే, ట్రయల్ మొదలుపెట్టిన రోజే ప్లే స్టోర్‌లో రద్దు చేసేయండి. గడువు ముగిసేదాకా ట్రయల్ మామూలుగానే నడుస్తుంది.