‘సోలో లెవలింగ్’ మొదటి సీజన్: జిన్‌వూ ఓడిపోగలిగినంత కాలం

‘సోలో లెవలింగ్’ అనే యానిమే (జపనీస్ యానిమేషన్ సిరీస్) మొదటి సీజన్ 2024 జనవరి 6న మొదలై మార్చి 30న ముగిసింది. కథ పన్నెండు ఎపిసోడ్లు. ప్రసారమవుతున్న రోజుల్లో వారం వారం ఎదురుచూసి చూశాను. ఆ తర్వాత జపనీస్ ఆడియోతోనూ, తెలుగు డబ్బింగ్‌తోనూ పలుమార్లు మళ్ళీ చూశాను. అంతకు చాలా ముందే దీనికి మూలమైన కొరియన్ వెబ్‌టూన్‌ను (ఆన్‌లైన్‌లో చదివే బొమ్మల కథను) చివరిదాకా చదివి ఉన్నాను. ఇన్నిసార్లు చూశాక నాకు బాగా స్థిరపడిన అభిప్రాయం ఒకటుంది. కథానాయకుడు సంగ్ జిన్‌వూ ఓడిపోవడానికి, చనిపోవడానికి అవకాశం ఉన్న ప్రతి చోటా ఈ సీజన్ చాలా గొప్పగా ఉంది. గెలుపు ముందే ఖాయమైపోయిన చోట, ఎంత అందంగా గీసినా, మామూలు యాక్షన్ యానిమేగా మిగిలిపోయింది.

చుగాంగ్ అనే రచయిత వెబ్ నవలగా రాసిన ఈ కథ 2018 మార్చిలో వెబ్‌టూన్‌గా మొదలై 2021 డిసెంబరులో ముగిసింది. బొమ్మలు వేసినవారు ‘డుబు’ అనే కలంపేరుతో ప్రసిద్ధుడైన జాంగ్ సంగ్-రాక్. ఆయన 2022 జులైలో, 37 ఏళ్ల వయసులో కన్నుమూశారు. తన బొమ్మలు ప్రాణం పోసుకున్న ఈ సీజన్‌ను ఆయన చూడలేకపోయారన్నది నన్ను ఇప్పటికీ బాధపెట్టే విషయం. ఎందుకంటే వెబ్‌టూన్ అభిమానుల్లో చాలామంది, నాతో సహా, ఈ కథను ప్రేమించింది ముందుగా ఆ బొమ్మల వల్లే. యానిమేను ఏ-1 పిక్చర్స్ నిర్మించగా షున్సుకే నకాషిగే దర్శకత్వం వహించారు, హిరోయుకి సవానో సంగీతం సమకూర్చారు.

కథా ప్రపంచం తేలికగానే అర్థమవుతుంది. పదేళ్ల కిందట ప్రపంచమంతటా గేట్లు తెరుచుకున్నాయి. వాటి వెనుక డంజన్లు అనే ప్రమాదకరమైన లోకాలు, వాటిలో రాక్షసులు ఉంటాయి. శక్తులు మేల్కొన్న కొందరు హంటర్లుగా మారి ఆ రాక్షసులను చంపుతారు, అక్కడ దొరికే స్ఫటికాలను అమ్మి బతుకుతారు. ‘ఈ’ (E) నుంచి ‘ఎస్’ (S) వరకు ర్యాంకులున్నాయి, ఒకసారి వచ్చిన ర్యాంకు మారడం దాదాపు జరగదు. జిన్‌వూది అన్నిటికంటే అడుగున ఉన్న ‘ఈ’ ర్యాంకు. తల్లి మేలుకోలేని నిద్ర జబ్బుతో ఆసుపత్రిలో ఉంది, చెల్లెలి చదువు బాధ్యత కూడా అతని మీదే ఉంది. అందుకే ప్రతిసారీ గాయాలతో తిరిగివస్తున్నా ఆ పని మానలేడు.

మొదటి రెండు ఎపిసోడ్ల గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే సీజన్ మొత్తం వాటి మీదే నిలబడింది. చిన్న డంజన్ అనుకొని వెళ్లిన బృందానికి లోపల ఇంకో డంజన్ దారి కనిపిస్తుంది. ముందుకు పోవాలా, వెనక్కి రావాలా అని ఓటు వేసుకుంటే నిర్ణయం జిన్‌వూ ఓటు మీదికి వస్తుంది. అతను డబ్బు అవసరాన్ని తలచుకొని వెళ్దామంటాడు. వెబ్‌టూన్ చదివినప్పుడు ఈ ఓటును నేను పెద్దగా పట్టించుకోలేదు. యానిమేలో మాత్రం ఆ క్షణంలో అతని ముఖాన్ని కాసేపు నిలిపి చూపించడం వల్ల, తర్వాత జరిగే మారణకాండలో అతనికీ ఒక వంతు ఉందన్న బరువు మనసులో పడుతుంది.

లోపల ఉన్నది రాతి విగ్రహాలతో నిండిన ఆలయం. దేవుణ్ణి పూజించు, దేవుణ్ణి స్తుతించు, నీ విశ్వాసాన్ని నిరూపించుకో అని అక్కడి శాసనాలు మూడు. సింహాసనం మీద కూర్చున్న మహా విగ్రహం కళ్ళు ముందు కదులుతాయి, తర్వాతే మనుషులు కాలిపోవడం మొదలవుతుంది. కండబలంలో అందరికంటే తక్కువైన జిన్‌వూ అక్కడి నియమాలను చదివి, తలలు వంచమని అరిచి, వాద్యాలు పట్టుకున్న విగ్రహాల దగ్గరికి పరిగెత్తించి మిగిలినవారి ప్రాణాలు కాపాడతాడు. ఈ క్రమంలో కాలు పోగొట్టుకుంటాడు. చివరికి బలిపీఠం దగ్గర తాను ఆగిపోయి, నడవలేకపోతున్న వైద్య హంటర్ జూహీని బృందంలోని సాంగ్ చియుల్‌కు అప్పగించి పంపేస్తాడు. ఇక్కడ అతనిది వీరత్వం అనిపించదు, వేరే దారి లేని మనిషి చేసిన లెక్క అనిపిస్తుంది. ఒంటరిగా మిగిలాక అతనికి కోపం వస్తుంది, ఏడుపు వస్తుంది, బతకాలన్న ఆశ వస్తుంది. త్యాగం చేసినవాడు ప్రశాంతంగా చిరునవ్వుతో చనిపోవడం చూసి చూసి అలవాటైపోయిన మనకు ఈ నిజాయితీ గట్టిగా తగులుతుంది. ‘బలహీనుడి ధైర్యం’ అనే రహస్య పరీక్షలో నెగ్గావని అతని కళ్ళముందు అక్షరాలు వెలిగేది సరిగ్గా ఆ దశలోనే.

వెబ్‌టూన్‌కు, యానిమేకు మధ్య అసలు తేడా ఈ ఎపిసోడ్లలోనే తెలుస్తుంది. ఫోన్ తెర మీద పై నుంచి కిందికి జరుపుకుంటూ చదివే వెబ్‌టూన్‌లో కాలం పాఠకుడి బొటనవేలి అదుపులో ఉంటుంది. భయం వేస్తే ఆగవచ్చు, తట్టుకోలేకపోతే గబగబా దాటేయవచ్చు. డుబు ఆ నిలువు జాగాను అద్భుతంగా వాడుకున్నారు. పొడవాటి నల్లటి ఖాళీ తర్వాత ఒక్కసారిగా ఆ విగ్రహం నవ్వు కనిపించేలా పేర్చారు. యానిమేలో ఆ ఖాళీకి చోటు లేదు కనుక దర్శకుడు దాన్ని నిశ్శబ్దంతో భర్తీ చేశారు. సవానో సంగీతం పోరాటాల్లో ఉప్పొంగుతుందని అందరూ మెచ్చుకుంటారు, అది న్యాయమే. నాకు అంతకంటే నచ్చింది, ఆలయంలో విగ్రహం కళ్ళు తిరిగేటప్పుడు సంగీతాన్ని తగ్గించి రాయి రాపిడి శబ్దాన్ని మాత్రమే వినిపించడం. హెడ్‌ఫోన్లు పెట్టుకొని చూస్తే ఆ తేడా బాగా తెలుస్తుంది.

మూడో ఎపిసోడ్ నుంచి కథ ఆటలాంటి పద్ధతిలోకి మారుతుంది. జిన్‌వూకు ఒక్కడికే కనిపించే, వీడియో గేమ్‌లా ఆదేశాలిచ్చే ‘సిస్టమ్’ రోజూ వంద పుషప్‌లు, వంద సిటప్‌లు, వంద స్క్వాట్‌లు, పది కిలోమీటర్ల పరుగు చేయమంటుంది. చేయకపోతే పెద్ద పెద్ద జెర్రులు తిరిగే ఎడారిలో నాలుగు గంటలు ప్రాణాలు దక్కించుకోవాలి. ఈ శిక్ష ఉన్నందువల్లే తర్వాత వచ్చే ఎదుగుదల నమ్మదగినదిగా ఉంటుంది. సబ్‌వే స్టేషన్ అడుగున తోడేళ్లతోనూ, తర్వాత కసకా అనే మహా సర్పంతోనూ అతను చేసే పోరాటాల్లో ఇంకా తడబాటు ఉంది, ఊపిరి అందకపోవడం ఉంది. పాము చర్మం మీద కత్తి దిగకపోతే అతను ఎదుర్కొనే నిస్సహాయతను యానిమేటర్లు చాలా చక్కగా పట్టుకున్నారు.

ఐదు, ఆరు ఎపిసోడ్లు నైతికంగా ఈ సీజన్‌కు కీలకం. హ్వాంగ్ డాంగ్‌సుక్ అనే హంటర్ బృందం జిన్‌వూను, అతనితో వచ్చిన మరో హంటర్ యూ జిన్‌హోను ఎరగా వేసి డంజన్‌లో వదిలేస్తుంది. తిరిగివచ్చినవారిని చంపకపోతే నువ్వే చస్తావని సిస్టమ్ ఆజ్ఞాపిస్తుంది. జిన్‌వూ చంపుతాడు. ఆ తర్వాత అతని ముఖంలో వచ్చే చల్లదనాన్ని చూసి జిన్‌హో పడే భయం ప్రేక్షకుడిదీ అవుతుంది. ఇంత బలమైన ఘట్టం జరిగాక కథ దాని పర్యవసానాన్ని లోతుగా తడమకుండా ముందుకు వెళ్లిపోవడం నాకు ఇప్పటికీ లోటుగానే ఉంది. మనిషిని చంపినవాడు మరుసటి ఉదయం ఎలా ఉంటాడో చూపడానికి ఒక్క సన్నివేశం కేటాయించి ఉంటే కథానాయకుడి మార్పుకు ఇంకా లోతు వచ్చేది.

ఏడు, ఎనిమిది ఎపిసోడ్లలో వేగం మందగిస్తుంది. పదో ఎపిసోడ్‌లో జిన్‌హో కోసం చేసే డంజన్ దాడులు సరదాగా ఉన్నా, జిన్‌వూకు ప్రమాదం లేదని తెలిసిపోయాక వాటిలో ఉత్కంఠ ఉండదు. మిగతా పాత్రల సంగతికి వస్తే, జూహీకి దక్కాల్సినంత చోటు దక్కలేదు. ఆలయంలో జరిగినదాని భయం వదలని వైద్య హంటర్‌గా ఆమె కథ జిన్‌వూ కథకు సరిగ్గా ఎదురుగా నిలబడగలిగినది. అదే గాయం ఇద్దరికీ తగిలింది, ఒకరు లోపలికి నడిచారు, ఒకరు వెనుదిరిగారు. తొమ్మిదో ఎపిసోడ్ దాకా ఆ అవకాశం కనిపిస్తుంది, ఆ తర్వాత చేజారిపోతుంది. మరోవైపు, జెజు ద్వీపం మీద చీమల రాక్షసులతో జరిగిన పాత పోరాటాన్ని మొదట్లోనే చూపడం, పెద్ద గిల్డుల (హంటర్ల సంఘాల) నాయకుల సంభాషణలను ముందుకు తేవడం వెబ్‌టూన్ క్రమంకంటే మెరుగైన నిర్ణయాలు. జిన్‌వూ గోడు ఒక్కటే కాక దేశం గోడు కూడా ఉందని వాటి వల్ల తొలి నుంచే తెలుస్తుంది.

పదకొండో ఎపిసోడ్‌లో సీజన్ మళ్ళీ తన బలాన్ని అందుకుంటుంది. ఖాళీ సింహాసనాన్ని కాపలా కాస్తున్న ఇగ్రిస్ అనే ఎర్ర కవచం యోధుడితో పోరాటం ఇది. అప్పటికి జిన్‌వూ ఎంతో ఎదిగాడు, అయినా మొదటి దెబ్బకే గోడకు వెళ్లి పడతాడు. వేగంలో, బలంలో, నైపుణ్యంలో తనను మించినవాడు ఎదురైనప్పుడు అతనిలో ఆలయం నాటి మనిషి మళ్ళీ కనిపిస్తాడు. జిన్‌వూ చేతిలో ఆయుధం లేదని చూసి ఇగ్రిస్ తన ఖడ్గాన్ని పక్కన పెట్టేస్తాడు. మాట లేని ఆ పాత్రకు అంత గౌరవం ఆ ఒక్క పనితోనే వస్తుంది. కెమెరా అనవసరంగా గిరగిరా తిరగదు, ఎవరి దెబ్బ ఎవరికి ఎక్కడ తగిలిందో స్పష్టంగా తెలుస్తుంది. పన్నెండో ఎపిసోడ్‌లో, ఒకప్పుడు శిక్షగా వచ్చిన ఎడారే అతనికి ఆసరాగా మారడం కథనంలో నాకు బాగా నచ్చిన కూర్పు.

జపాన్‌లో ప్రసారమైన రూపంలో పాత్రలకు జపనీస్ పేర్లు పెట్టి, కథను ఆ దేశానికి మార్చారు. మనకు అందిన రూపంలో కొరియన్ పేర్లే ఉన్నాయి, అది మూలానికి న్యాయం చేసింది. జపనీస్‌లో జిన్‌వూకు గొంతు ఇచ్చిన తైతో బాన్ తొలి ఎపిసోడ్లలోని బెరుకు స్వరాన్ని ఏ ఒక్క చోటా తెంచకుండా మెల్లగా లోతైన స్వరంలోకి తీసుకెళ్లారు. తెలుగు డబ్బింగ్ ఉండటం వల్ల అక్షరాలు చదువుతూ బొమ్మలు చూడటం కష్టమయ్యే మా ఇంటి పిల్లలూ పెద్దలూ కథను హాయిగా అనుసరించగలిగారు. అయితే ఆలయం ఎపిసోడ్లకు మాత్రం మూల ఆడియోనే నా ఎంపిక. చిన్న పిల్లలకు ఆ రెండింటినీ చూపించవద్దు, రక్తపాతం చాలా ఎక్కువ.

యానిమే ప్రసార వేదిక క్రంచీరోల్ ఇచ్చే 2025 యానిమే అవార్డుల్లో దీనికి ఆ ఏటి ఉత్తమ యానిమే పురస్కారం దక్కింది. కథలో లోతు కోరుకునేవారు ఆ పేరు విని వస్తే కొంత నిరాశ తప్పకపోవచ్చు. కానీ యానిమే అలవాటు లేనివారికి మొదటిగా ఏది చూడమంటారని అడిగితే నేను దీన్నే చెబుతున్నాను. కనీసం మొదటి రెండు ఎపిసోడ్లు ఆపకుండా ఒకే విడతలో చూడమని, మధ్యలో నెమ్మదించినా పదకొండు దాకా ఓపిక పట్టమని కూడా చెబుతున్నాను. ఈ సీజన్ కథ మధ్యలోనే ఆగుతుంది కనుక, పన్నెండో ఎపిసోడ్ పూర్తయ్యాక 2025 జనవరిలో మొదలైన రెండో సీజన్‌కు వెంటనే వెళ్లడం మంచిది. జెజు ద్వీపం గురించి ఇక్కడ వేసిన ముడి విడేది అక్కడే.